పైకప్పు తీస్తే కారుకు ఏమవుతుంది? మెర్సిడెస్ ఎస్‌ఎల్ ఏడు దశాబ్దాల ప్రయాణం చెప్పే పాఠం

సూరత్ నగరం నుంచి హజీరా రేవుకు వెళ్లే జాతీయ రహదారి మీద ఇచ్ఛాపూర్ కూడలి ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం వేరు, గుజరాత్‌లోని ఈ ఇచ్ఛాపూర్ వేరు. హజీరాలో పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. అక్కడ తయారయ్యే ఉక్కు రేకును చాపచుట్టల్లా చుట్టి ట్రెయిలర్ల మీద దేశం నలుమూలలకూ పంపుతారు. ఇలాంటి రేకునే అచ్చుల్లో నొక్కి, ముక్కలను వెల్డింగ్ చేసి కారు బాడీని తయారుచేస్తారు.

కారు బాడీ రేకు మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంత పలుచని రేకు ముక్కను చేత్తోనే వంచవచ్చు. అదే రేకుతో చేసిన కారు మాత్రం టన్ను బరువు మోస్తూ, గుంతల్లో పడి లేస్తూ, ఏళ్ల తరబడి ఆకారం చెడకుండా నడుస్తుంది. చేత్తో వంగే రేకుకు ఇంత దృఢత్వం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ దృఢత్వంలో పైకప్పు వాటా ఎంత?

ఈ ప్రశ్నకు మనకు దగ్గరి అవసరం ఒకటి ఉంది. పెళ్లి ఊరేగింపులకూ, ఎన్నికల ర్యాలీలకూ మామూలు కార్ల పైకప్పు కోయించి 'ఓపెన్ టాప్'గా మార్చడం మన దేశంలో చాలాచోట్ల కనిపిస్తుంది. కోసే పని షెడ్డులో తేలికగానే అయిపోతుంది. కానీ కప్పు అప్పటిదాకా చేస్తున్న పనిని ఆ తర్వాత ఎవరు చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ జర్మనీ ఇంజనీర్లు ఏడు దశాబ్దాలు పనిచేశారు. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 'ఎస్‌ఎల్' అనే రోడ్‌స్టర్ చరిత్రలో ఆ పని అంతా కనిపిస్తుంది. రోడ్‌స్టర్ అంటే పైకప్పు తెరిచి నడిపే, సాధారణంగా రెండు సీట్లు ఉండే తేలికపాటి కారు.

మిఠాయి డబ్బా ప్రయోగం

మిఠాయి దుకాణంలో ఇచ్చే అట్టడబ్బాను ఒకటి తీసుకోండి. మూత తీసేసి, రెండు చివరలనూ రెండు చేతులతో పట్టుకుని, తడిబట్ట పిండినట్లు ఎదురెదురు దిశల్లో మెలితిప్పండి. డబ్బా సులువుగా మెలిపడుతుంది. ఇప్పుడు మూత పెట్టి, నాలుగు అంచులకూ టేపు గట్టిగా అతికించి మళ్లీ మెలితిప్పండి. ఈసారి డబ్బా లొంగదు. మూత బరువు కొన్ని గ్రాములే అయినా దృఢత్వంలో తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

దీని వెనుక ఉన్న సూత్రాన్ని గొట్టంతో లెక్కకట్టవచ్చు. ఇళ్లలో వాడే 110 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పీవీసీ గొట్టాన్ని ఊహించండి. దాని పొడవునా ఒకే ఒక్క చీలిక కోస్తే పదార్థం దాదాపు ఏమీ తగ్గదు. కానీ మెలిని తట్టుకునే దృఢత్వం, లెక్క ప్రకారం, దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. చీలిక లేనప్పుడు మెలితిప్పే బలం గొట్టం చుట్టూ ఒక వలయంలా ప్రవహిస్తుంది. చీలిక ఆ వలయాన్ని తెంచేస్తుంది. అప్పుడు బలాన్ని ఎదిరించడానికి గోడ మందం మాత్రమే మిగులుతుంది.

కారు కూడా ఒక మూతపెట్టిన పెట్టె లాంటిదే. అడుగు పలక, పక్క గోడలు, ముందు అద్దం పక్కనుండే స్తంభాలు, పైకప్పు కలిసి ఒక వలయంగా పనిచేస్తాయి. ముందు చక్రాల్లో ఎడమది గుంతలో, వెనక చక్రాల్లో ఎడమది మిట్ట మీద ఉన్నప్పుడు కారు మెలిపడబోతుంది. దాన్ని ఈ వలయం అడ్డుకుంటుంది. పైకప్పు తీసేస్తే కారు చీల్చిన గొట్టంలా మారుతుంది. తలుపుల సందులు మారి, మూసుకోవడం కష్టమవుతుంది. ముందు అద్దం చట్రం అదురుతుంది. చక్రాలు ఉండాల్సిన కోణంలో ఉండకపోవడంతో స్టీరింగు చెప్పిన మాట వినదు. ఏళ్లు గడిచేకొద్దీ వెల్డింగుల దగ్గర పగుళ్లు మొదలవుతాయి.

పైన గుడ్డ టాప్ వేస్తే సరిపోదా అన్న సందేహం రావచ్చు. సూరత్ మరమగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్న తెలుగు నేత కుటుంబాలకు దీని జవాబు చేతి అనుభవంలోనే ఉంది. గుడ్డను పడుగు వెంట లాగినా, పేక వెంట లాగినా గట్టిగా నిలుస్తుంది. ఏటవాలుగా లాగితే మాత్రం నలుచదరపు ముక్క పక్కకు ఒరిగి సాగుతుంది. మెలి పడేటప్పుడు కప్పు మీద పనిచేసేది సరిగ్గా ఈ ఏటవాలు బలమే. రేకు దాన్ని ఎదిరిస్తుంది, గుడ్డ ఎదిరించలేదు. కాబట్టి గుడ్డ టాప్ ఎండావానల నుంచి కాపాడుతుంది, కారు దృఢత్వానికి మాత్రం దాదాపు ఏమీ చేయదు.

1952: త్రిభుజాలతో కట్టిన పంజరం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మెర్సిడెస్ బెంజ్ మళ్లీ కారు పందేల్లోకి దిగాలనుకున్నప్పుడు కొత్త ఇంజను తయారుచేసే వీలు లేకపోయింది. పెద్ద సెడాన్‌లో వాడుతున్న 3 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజనే దిక్కు. అది బరువైనది. ఇంజను బరువు తగ్గదు కాబట్టి మిగతా కారు బరువు తగ్గించాలని రుడాల్ఫ్ ఉలెన్‌హౌట్ అనే ఇంజనీరు నిర్ణయించాడు. ఆ ఆలోచన నుంచి 1952లో 300 ఎస్‌ఎల్ పందెం కారు పుట్టింది. 300 అన్న అంకె 3 లీటర్ల ఇంజనును సూచిస్తుంది. ఎస్‌ఎల్ అన్నది జర్మన్ భాషలో 'చాలా తేలికైనది' అనే అర్థమిచ్చే మాటలకు పొడి అక్షరాలు.

ఉలెన్‌హౌట్ సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా వెల్డింగ్ చేసి ఒక పంజరం తయారుచేయించాడు. త్రిభుజమే ఎందుకు? నాలుగు పుల్లలను మూలల్లో మేకులతో కలిపి చతురస్రం చేసి చూడండి. పక్కకు తోస్తే అది ఒరిగిపోతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐదో పుల్ల బిగిస్తే అది కదలదు. పొలాల్లో కనిపించే హైటెన్షన్ విద్యుత్ టవర్లు, రైల్వే వంతెనల దూలాలు నిలబడేది ఈ సూత్రం మీదే. త్రిభుజంలో ప్రతి గొట్టం మీదా లాగే బలమో, నొక్కే బలమో మాత్రమే పడుతుంది. వంచే బలం చాలా తక్కువ. అందుకే సన్నని గొట్టాలే సరిపోయాయి, పంజరం బరువు 100 కిలోల లోపే ఉంది.

దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. పంజరానికి తగిన దృఢత్వం రావాలంటే పక్కల్లో గొట్టాలు ఎత్తుగా వెళ్లాలి. మామూలు తలుపు పెట్టడానికి చోటు మిగల్లేదు. అందుకే తలుపులను పైకప్పుకు కీలుతో బిగించి పైకి తెరుచుకునేలా చేశారు. తెరిచినప్పుడు అవి కొంగ రెక్కల్లా కనిపిస్తాయి. చూసేవారికి అది అందం కోసం చేసినట్లు ఉంటుంది. నిజానికి పంజరం వదిలిన చోటులో తలుపు పట్టడానికి దొరికిన దారి అదొక్కటే. ఈ కారు 1952లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. మెక్సికోలో జరిగిన కరెరా పనమెరికానా పందెం కూడా గెలిచింది.

అమెరికాలో మెర్సిడెస్ కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ ఈ కారును రోడ్డు మీదకు తెమ్మని పట్టుబట్టాడు. 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో 300 ఎస్‌ఎల్ రోడ్డు మోడల్ విడుదలైంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే బాష్ కంపెనీ పద్ధతి ఇందులో ఉంది. 2,996 ఘన సెంటీమీటర్ల ఇంజను నుంచి 215 హార్స్‌పవర్ వచ్చేది. ఈ కారు బరువు సుమారు 1,300 కిలోలు.

1957: కప్పు తెరవడానికి చెల్లించిన ధర

అమెరికా కొనుగోలుదారులు, ముఖ్యంగా ఎండలు కాసే కాలిఫోర్నియావారు, పైకప్పు తెరుచుకునే కారు కావాలన్నారు. రెక్కల తలుపులు పైకప్పుకే వేలాడుతుంటే ఆ కప్పును తీసేదెలా? తలుపులు మామూలువి కావాలి. అందుకు పక్క గొట్టాలు కిందకు దిగాలి. గొట్టాలు కిందకు దిగితే పంజరం ఎత్తు తగ్గుతుంది, దృఢత్వమూ తగ్గుతుంది.

వంపును తట్టుకునే శక్తి దూలం ఎత్తు మీద చాలా ఎక్కువగా ఆధారపడుతుంది. ఒక చెక్క స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది. నిలబెట్టి వంచబోతే వంగదు. గట్టి దూలం ఎత్తు సగమైతే దృఢత్వం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందువల్ల ఇంజనీర్లు తలుపుల కింది భాగంలో పంజరాన్ని మార్చి, అదనపు గొట్టాలతో బలపరిచారు. 1957 మార్చిలో జెనీవా ప్రదర్శనకు వచ్చిన 300 ఎస్‌ఎల్ రోడ్‌స్టర్ బరువు మూసిన మోడల్ కంటే పెరిగింది. కప్పు తీసేసిన కారు కప్పు ఉన్న కారు కంటే ఎందుకు బరువెక్కుతుందో ఇక్కడ తెలుస్తుంది. కప్పు చేసే పనిని కింది భాగం మోయాలి. అక్కడ ఎత్తు లేదు కాబట్టి అదే దృఢత్వానికి ఎక్కువ లోహం పడుతుంది.

1963 వరకు ఇలాంటి రోడ్‌స్టర్లు 1,858 తయారయ్యాయి. చేత్తో కట్టే పంజరం ఖరీదైనది. దానితో పాటు 1955 నుంచి నడిచిన 190 ఎస్‌ఎల్ అనే చిన్న మోడల్‌ను సెడాన్ అడుగు భాగం మీదే తయారుచేశారు. దాని ధర తక్కువ, అమ్మకాలు ఎక్కువ. అలాంటివి 25,881 బయటకు వచ్చాయి. గొట్టాల పంజరం అక్కడితో ఆగిపోయింది. తర్వాతి ఎస్‌ఎల్ కార్లన్నీ రేకును మడిచి పెట్టెల్లా చేసే పద్ధతిలోనే వచ్చాయి.

1963: నలగవలసినది నలగాలి, నిలవవలసినది నిలవాలి

1963 మార్చిలో జెనీవాలో 230 ఎస్‌ఎల్ విడుదలైంది. తీసి పెట్టుకోగల దాని గట్టి పైకప్పు మధ్యలో కాస్త లోపలికి వంగి, అంచుల్లో ఎత్తుగా ఉండేది. తూర్పు ఆసియా గుడి గోపురంలా ఉందని జనం దానికి 'పగోడా' అని పేరు పెట్టారు. ఈ వంపుకూ ఒక ప్రయోజనం ఉంది. చదునైన రేకు కంటే వంపు తిరిగిన రేకు గట్టిగా ఉంటుంది. పశువుల పాకలకు ముడతల రేకు వేయడం వెనక కూడా ఇదే లెక్క ఉంది. అంచులు ఎత్తుగా ఉండటం వల్ల పక్క అద్దాలు పెద్దవయ్యాయి, ఎక్కడం దిగడం తేలికైంది.

ఈ కారులో అంతకంటే పెద్ద మార్పు కంటికి కనిపించనిది. బేలా బరేని అనే ఇంజనీరు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక ఆలోచన చేశాడు. కారు మొత్తం ఒకే గట్టిదనంతో ఉంటే ఢీకొన్నప్పుడు ఆ దెబ్బంతా లోపలి మనిషికి తగులుతుంది. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందు భాగం, వెనక భాగం క్రమంగా నలగాలి. 1959లో మెర్సిడెస్ సెడాన్‌లో మొదట వచ్చిన ఈ పద్ధతిని 230 ఎస్‌ఎల్ స్పోర్ట్స్ కార్లలోకి తెచ్చింది.

దీని విలువ చిన్న లెక్కతో అర్థమవుతుంది. గంటకు 50 కి.మీ. వేగమంటే సెకనుకు సుమారు 13.9 మీటర్లు. ఆ వేగంతో గోడను ఢీకొన్న కారు 10 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే, సగటు రుణత్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 100 రెట్లు ఉంటుంది. ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగితే అది 16 రెట్లకు తగ్గుతుంది. ఆగే దూరం ఆరు రెట్లయితే శరీరం మీద పడే బలం ఆరో వంతవుతుంది.

పైకప్పు లేని కారులో ఇది మరింత కష్టం. మూసిన కారులో ఢీకొన్న బలం రెండు దారుల్లో వెనక్కి వెళుతుంది. ఒకటి అడుగు భాగం గుండా, మరొకటి ముందు అద్దం స్తంభాల మీదుగా పైకప్పు గుండా. రోడ్‌స్టర్‌కు రెండో దారి లేదు. బలమంతా అడుగు భాగం, తలుపుల కింద ఉండే పెట్టె దూలాలే మోయాలి. అందుకే రోడ్‌స్టర్లలో ఆ దూలాలు వెడల్పుగా, లోపల అదనపు రేకులతో ఉంటాయి. 1971 వరకు నడిచిన ఈ తరంలో 230, 250, 280 మోడళ్లు కలిపి 48,912 కార్లు తయారయ్యాయి.

1971: బోల్తా పడితే?

1960ల చివర అమెరికాలో వాహన భద్రతా నియమాలు కఠినమయ్యాయి. పైకప్పు లేని కార్లను నిషేధిస్తారన్న భయం పరిశ్రమలో వ్యాపించింది. చాలా కంపెనీలు ఓపెన్ కార్ల తయారీ మానేశాయి. అలాంటి రోజుల్లో, 1971లో, మెర్సిడెస్ కొత్త ఎస్‌ఎల్‌ను తెచ్చింది. ఆర్ 107 అన్నది దాని లోపలి సంకేతం.

కారు బోల్తా పడినప్పుడు లోపలివారి తల నేలకు తగలకుండా ఉండాలంటే ఏదో ఒకటి ఎత్తుగా నిలబడి ఉండాలి. కప్పు లేని కారులో ముందువైపు నిలబడి ఉండేది అద్దం చట్రం ఒక్కటే. ఆర్ 107లో ఆ చట్రం స్తంభాలను మునుపటి కంటే చాలా బలంగా తయారుచేశారు. స్తంభాలు మరీ లావైతే డ్రైవరుకు రోడ్డు కనిపించదు. లావు పెంచకుండా బలం పెంచడం అప్పటి సవాలు. ఈ మోడల్ 1989 వరకు 18 ఏళ్లు నడిచింది, 2,37,287 కార్లు తయారయ్యాయి. నిషేధం రాలేదు. కానీ ఆ భయం వల్ల జరిగిన పని మాత్రం నిలిచిపోయింది.

1989: సెకనులో మూడో వంతు కంటే తక్కువ

అద్దం చట్రం ముందువైపు కాపాడుతుంది. మరి సీటు వెనక? అక్కడ శాశ్వతంగా ఒక కమ్మీ నిలబెడితే టాప్ మడవడం కష్టం, చూపుకూ అడ్డం. 1989లో వచ్చిన ఆర్ 129 దీనికి ఒక పరిష్కారం చూపింది. సీట్ల వెనక ఒక బలమైన ఉక్కు కమ్మీ పడుకుని ఉంటుంది. కారు బోల్తా పడబోతోందని సెన్సర్లు గుర్తించగానే అది 0.3 సెకన్లలో లేచి నిలబడుతుంది.

0.3 సెకన్లు అంటే ఎంత? చేతిలోంచి జారిన చెంబు ఆ వ్యవధిలో 44 సెంటీమీటర్లు పడుతుంది. కారు పక్కకు ఒరగడం మొదలుపెట్టి తలకిందులయ్యే లోపు కమ్మీ నిలబడటానికి అది చాలు. ఈ కారులో సీటు బెల్టును కూడా సీటుకే బిగించారు. మూసిన కార్లలో బెల్టును పక్క స్తంభానికి బిగిస్తారు. రోడ్‌స్టర్‌కు ఆ స్తంభం ఉండదు. కాబట్టి సీటే ఆ బలాన్ని మోసేంత గట్టిగా ఉండాలి. కప్పు తీసేస్తే సీటు నిర్మాణం కూడా మారుతుందన్నమాట.

2001, 2012: లోహపు కప్పు, అల్యూమినియం బాడీ

2001లో వచ్చిన ఎస్‌ఎల్‌లో గుడ్డ టాప్ స్థానంలో లోహపు కప్పు వచ్చింది. మీట నొక్కితే 16 సెకన్లలో మడతపడి డిక్కీలోకి వెళ్లిపోయేది. చలికాలంలో, కారు దొంగల భయమున్న చోట ఇది సౌకర్యమే. కానీ కీళ్లతో విడిపోయే కప్పు, వెల్డింగ్ చేసిన కప్పులా వలయాన్ని పూర్తి చేయలేదు. అడుగు భాగం బలం తగ్గించే వీలు పెద్దగా లేదు. మోటార్లు, కీళ్లు, హైడ్రాలిక్ గొట్టాల బరువు మాత్రం అదనం. 'చాలా తేలికైనది' అని పేరు పెట్టుకున్న కారు బరువు 1,800 కిలోలు దాటింది.

2012లో వచ్చిన తరం దీనికి జవాబుగా బాడీని దాదాపు పూర్తిగా అల్యూమినియంతో తయారుచేసింది. ఉక్కుతో చేస్తే ఉండే బరువు కంటే బాడీ సుమారు 110 కిలోలు తగ్గింది. మెలిని తట్టుకునే దృఢత్వం 20 శాతానికి పైగా పెరిగింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. అల్యూమినియం సాంద్రత ఘన మీటరుకు 2,700 కిలోలు, ఉక్కుది 7,850. అంటే అల్యూమినియం దాదాపు మూడు రెట్లు తేలిక. కానీ దాని యంగ్ గుణకం కూడా 70 గిగాపాస్కల్స్ మాత్రమే, ఉక్కుది 200. అంటే దాదాపు మూడు రెట్లు మెత్తన. మరి లాభమెక్కడ?

లాభం మందంలో ఉంది. ఒకే బరువుకు అల్యూమినియం రేకును దాదాపు మూడు రెట్లు మందంగా చేయవచ్చు. పలక వంపును ఎదిరించే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. మందం 2.9 రెట్లయితే ఆ లెక్కలో 24 రెట్లు వస్తుంది. పదార్థం మెత్తదనం వల్ల దాన్ని మూడుతో భాగించినా, ఒకే బరువున్న ఉక్కు పలక కంటే సుమారు 8 రెట్లు దృఢత్వం మిగులుతుంది. పైగా అల్యూమినియాన్ని పోత పోయవచ్చు, అచ్చు గుండా తోసి లోపల అరలున్న దూలాలు తీయవచ్చు. బలం ఎక్కడ పడితే అక్కడ లోహం పెంచి, మిగతాచోట తగ్గించవచ్చు.

2021: గుడ్డ టాప్ తిరిగొచ్చింది

2021 అక్టోబరులో విడుదలైన ఇప్పటి ఎస్‌ఎల్‌ను మెర్సిడెస్‌కు చెందిన ఏఎంజీ విభాగం రూపొందించింది. 2023లో ఇది భారత మార్కెట్‌కూ వచ్చింది. ఇందులో లోహపు కప్పును వదిలి మళ్లీ గుడ్డ టాప్ పెట్టారు. దానివల్ల 21 కిలోలు తగ్గాయి. ఆ తగ్గుదల కారు పై భాగంలో జరగడం వల్ల గురుత్వ కేంద్రం కిందకు దిగి, మలుపుల్లో నిలకడ పెరిగింది. అయినా మెలిని తట్టుకునే దృఢత్వం మునుపటి తరం కంటే 18 శాతం ఎక్కువ. కారణం బాడీలో అల్యూమినియం, ఉక్కు, మెగ్నీషియం, నారలతో బలపరిచిన ప్లాస్టిక్ కలిపి వాడటం. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు, పెద్ద ఇంజను వంటివి చేరడంతో మొత్తం బరువు మాత్రం 1,900 కిలోలు దాటింది.

ముందు అద్దం చట్రంలో మాత్రం ఉక్కే ఉంది. వేడిచేసి అచ్చులో నొక్కి, అక్కడికక్కడే చల్లార్చే పద్ధతిలో వచ్చే ఉక్కుకు మామూలు కారు రేకు కంటే అనేక రెట్లు బలం ఉంటుంది. విద్యార్థులు తరచూ తడబడే తేడా ఒకటి ఇక్కడ గుర్తుంచుకోవాలి. బలం వేరు, దృఢత్వం వేరు. ఎంత బరువు పడితే లోహం శాశ్వతంగా వంగిపోతుందో అది చెప్పేది బలం. ఒక బరువు కింద ఎంత సాగుతుందో, ఎంత ఊగుతుందో చెప్పేది దృఢత్వం. బలమైన ఉక్కుకూ మామూలు ఉక్కుకూ యంగ్ గుణకం దాదాపు ఒకటే. బోల్తా పడ్డప్పుడు చట్రం వంగకుండా ఉండాలంటే బలమైన ఉక్కు పనికొస్తుంది. కారు మెలిపడకుండా ఉండాలంటే మాత్రం ఆకారం మార్చాలి. పెట్టెను మూయాలి, దూలాన్ని పెద్దది చేయాలి.

మళ్లీ ఇచ్ఛాపూర్ రోడ్డు మీదకు

ఏడు దశాబ్దాల ఈ ప్రయాణాన్ని ఒక వరుసలో పెడితే తెలిసేది ఇది. కప్పు చేసే పనులు మూడు. మెలిపడకుండా ఆపడం, ఢీకొన్న బలానికి దారి ఇవ్వడం, బోల్తా పడితే తలను కాపాడటం. రోడ్‌స్టర్‌లో మొదటి పనిని అడుగు భాగం తీసుకుంది. రెండోది తలుపుల కింది పెట్టె దూలాలకు, మూడోది అద్దం చట్రానికీ సీటు వెనక కమ్మీకీ వచ్చాయి. ప్రతి పనినీ ఎవరికో ఒకరికి అప్పగించిన తర్వాతే ఇంజనీర్లు కప్పు తీశారు.

షెడ్డులో కప్పు కోయించిన మామూలు కారులో ఈ మూడు పనులూ ఎవరికీ అప్పగించకుండా మిగిలిపోతాయి. ఊరేగింపులో నెమ్మదిగా నడిచినంతసేపూ ఏమీ తెలియదు. హైవే మీద వేగంగా వెళుతూ, ఇచ్ఛాపూర్ దారిలో తిరిగే లాంటి ట్రెయిలర్ల పక్కన బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. కొన్ని జీపులు కప్పు లేకుండా నడుస్తాయి కదా అనవచ్చు. వాటి బాడీ కింద విడిగా బలమైన ఛాసిస్ ఉంటుంది, బరువు మోసేది అదే. ఇప్పటి ఓపెన్ జీపుల్లో పైన కమ్మీల పంజరం కూడా బిగించే ఇస్తారు. సాధారణ కారులో విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్.

చట్టం కూడా ఇదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంచేసింది. ఆ నియమం వెనక ఉన్న భౌతికశాస్త్రం మిఠాయి డబ్బా మూతలో ఉంది.

చేసి చూడండి, ఆలోచించండి

1. ఒకే కొలతలున్న రెండు అట్టడబ్బాలు తీసుకుని, ఒకదానికి గుడ్డ మూత, మరొకదానికి అట్ట మూత అంచుల వెంట అతికించండి. మెలితిప్పినప్పుడు తేడా గమనించండి. గుడ్డను పడుగు, పేకలు ఏటవాలుగా వచ్చేలా తిప్పి అతికిస్తే ఏమవుతుంది?

2. మూత లేని డబ్బా లోపల, పొడవు వెంట రెండు పక్కలా చుట్టిన కాగితపు గొట్టాలు అతికించండి. దృఢత్వం ఎంత మెరుగుపడింది? డబ్బా బరువు ఎంత పెరిగింది? 1957 రోడ్‌స్టర్ కథతో పోల్చండి.

3. గంటకు 100 కి.మీ. వేగంతో ఢీకొన్న కారు, 50 కి.మీ. వేగంలో 60 సెంటీమీటర్లు నలిగినప్పుడు కలిగిన రుణత్వరణమే కలగాలంటే ఎంత దూరం నలగాలి? అంత పొడవైన ముందు భాగం ఉన్న కారు సాధ్యమా? వేగ పరిమితులు ఎందుకున్నాయో ఈ జవాబు చెబుతుంది.